నలుగురికి నాలుగు మంచాలు

మనవాళ్ళెవరైనా యూరపు వెళ్ళొచ్చామంటే, చెప్పేవాడికంటే వినేవాళ్ళకే సంగతులు ముందు తెలుసు. పారిస్‌లో ఇనప గోపురం, స్విట్జర్లండులో మంచుకొండలు, లండనులో గడియారం – వాడు నోరు విప్పేలోపల వీళ్ళే అప్పజెప్పేస్తారు. నేనూ, నా మిత్రులు ముగ్గురూ 2023 సెప్టెంబరులో వెళ్ళొచ్చిన దేశానికి ఆ బాధ లేదు. "అల్బేనియా వెళ్ళొచ్చామండీ" అంటే మా వీధి పెద్దమనిషి ఒకాయన నన్ను జాలిగా చూసి, "పాపం, ఇప్పుడెలా వుంది? మందులు వాడుతున్నారా?" అని అడిగాడు!

తప్పు ఆయనది కాదు లెండి. గ్రీసుకి ఉత్తరాన, సముద్రానికి అవతల ఇటలీని చూస్తూ కూచున్న చిన్న దేశం అది. మొత్తం 28,748 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు ఆరో వంతు. 2023 జనాభా లెక్కల్లో 24 లక్షల చిల్లర మంది తేలారు. 1944 నుంచి 1985లో చనిపోయేదాకా ఎన్వర్ హోజా అనే ఆయన దాన్ని ఏలాడు. ఏలినన్నాళ్ళూ బయటివాడు లోపలికి రాకుండా, లోపలివాడు బయటికి పోకుండా తలుపు బిడాయించాడు. ఎవరో దండెత్తి వస్తారని దేశమంతటా కాంక్రీటు గూళ్ళు కట్టించాడు. లక్షన్నర పైమాటే అంటారు. పొలంలోనూ అవే, సముద్రపుటొడ్డునా అవే, శ్మశానం పక్కనా అవే – వాన వెలిసిన మర్నాడు పుట్టగొడుగులు లేచినట్టు! ఆ దండయాత్ర మాత్రం రానే లేదు. ఇప్పుడు వాటిలో కొన్నిట్లో మ్యూజియములున్నాయి, కొన్నిట్లో మేకలున్నాయి.

ఇంతకీ మేం నలుగురం ఎవరమంటే – ఒక ప్లీడరు, ఒక బ్యాంకాయన, ఒక లెక్కల మేష్టారు, ఈ పేజీ నింపే నేను. ముప్ఫై అయిదేళ్ళ కిందట వాల్తేరులో ఒకే హాస్టలు గదిలో పడి ఏడ్చినవాళ్ళం. పిల్లలు స్థిరపడ్డాక, "కంపెనీ వాళ్ళు బస్సులో కుక్కి తిప్పే యాత్ర కాదురా, వీపున మూట కట్టుకుని మన కాళ్ళ మీద మనం తిరగాలి" అని ప్లీడరు తీర్మానం ప్రవేశపెట్టాడు. తక్కిన ముగ్గురం బలపరిచాం.

ఈ సంగతి విని మా ఆవిడ, "మూట మొయ్యడానికి అంత దూరం దేనికండీ? శనివారం నాతో రైతుబజారుకి రండి" అంది.

విమానాశ్రయానికి మేష్టారి భార్య కూడా వచ్చింది. మేష్టారు అవతల పెట్టె తూయిస్తూ వుండగా నన్ను పక్కకి పిలిచి, "అన్నయ్యగారూ, ఆయన చెప్పుకోరు గాని మోకాళ్ళు సరిగ్గా లేవు. కొండలూ గుట్టలూ అంటున్నారు. ఆయన్ని ఒంటరిగా వదిలెయ్యకండి" అంది.

"అంత మాటెందుకమ్మా! నీ మొగుణ్ణి నీకు భద్రంగా ఒప్పజెప్పే పూచీ నాదీ" అన్నాను, గుండె మీద చెయ్యేసుకుని. ఆ మాట గుర్తుంచుకోండి. తరవాత దాంతో పని వుంది.

టిరానాలో విమానం దిగగానే మనవాళ్ళు కనిపించినట్టయింది. విమానాశ్రయం పేరు మదర్ థెరీసా! 1910లో స్కోప్యేలో పుట్టిన ఆవిడ అల్బేనియన్ల ఆడపడుచు. ఆవిడ తల్లీ, అక్కా టిరానాలో వుండేవారు. కలకత్తాలో ఊరూ పేరూ లేని వాళ్ళని ఒళ్ళో పెట్టుకుని సాగనంపిన ఆ తల్లికి, కన్నతల్లిని చూడడానికి మాత్రం ఆ ప్రభుత్వం తలుపు తియ్యలేదు. 1972లో తల్లి పోయింది, 1973లో అక్క పోయింది. ఆవిడ ఆ గడ్డ మీద కాలు పెట్టింది 1989లో – ఇద్దరూ సమాధుల్లోకి వెళ్ళాక. ఇవాళ ఆ దేశానికి వచ్చే ప్రతి పరాయివాడికీ ఆవిడ పేరే ముందు ఎదురొస్తుంది. మేష్టారు ఆ బోర్డుకేసి చాలాసేపు చూశాడు గాని ఏమీ అనలేదు.

అక్కడి భాషతో మా తంటాలు చెప్పాలి. వాళ్ళు అవునంటే "పో" అంటారు! కాదంటే "యో" అంటారు. మొదటి పూట హోటలుకి వెళ్ళి, "లోపలికి రావచ్చా?" అని సైగ చేస్తే, ఆ ఇల్లాలు చిరునవ్వు నవ్వుతూ, "పో, పో, పో" అంది. ప్లీడరుకి రోషం వచ్చి మూట భుజానికెత్తుకున్నాడు. దానికి తోడు, పాతకాలం వాళ్ళు అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే పైకెత్తుతారు. మనం అవునో కాదో మనకే తెలియకుండా ఊపుతాం. మేష్టారు ఒక్క కాఫీ అడిగి, మర్యాదకి తల ఊపుతూ కూచుంటే, ఒకటి తరవాత ఒకటి మూడు కాఫీలు వచ్చాయి. మూడూ తాగాడు. "చెల్లించిన సొమ్ముకి లెక్క కుదరాలి కదరా" అన్నాడు.

తిండికి మాత్రం ఇబ్బంది పడలేదు. పల్చటి పొరల మధ్య పాలకూరో జున్నో పెట్టి కాల్చిన ‘బ్యురెక్’ అని ఒకటుంది. వీధి వీధినా దొరుకుతుంది. ‘ధల్లె’ అని గ్లాసుతో ఇచ్చారు. ఏమిటా అని చూస్తే ఉప్పేసిన మన మజ్జిగ! బ్యాంకాయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఇక ప్రయాణం. అక్కడ రైళ్ళు నమ్ముకుంటే లాభం లేదు. ‘ఫుర్గోన్’ అని చిన్న వ్యానులుంటాయి. వాటికి వేళంటూ లేదు, నిండితే కదుల్తాయి. నిండడమంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. అలా టిరానా నుంచి ఉత్తరాన ష్కోదర్ అనే పాతపట్నం చేరాం. ఊరికి దక్షిణాన గుట్ట మీద రొజాఫా కోట వుంది. మేం దిగిన ఇంటి ఇల్లాలు కాస్త ఇంగ్లీషు వచ్చిన మనిషి. రాత్రి భోజనాల దగ్గర ఆ కోట కథ చెప్పింది.

ముగ్గురన్నదమ్ములు ఆ కోట కడుతున్నారట. పగలు కట్టిన గోడ రాత్రికి కూలిపోతూంది. ఒక ముసలాయన వచ్చి, "రేపు మీకు అన్నం పట్టుకొచ్చే కోడల్ని గోడలో పెట్టి కట్టండి, నిలుస్తుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పమని ముగ్గురూ మాటివ్వండి" అన్నాడు. ముగ్గురూ ఇచ్చారు. పెద్దవాళ్ళిద్దరూ ఆ రాత్రే పెళ్ళాల చెవిన వేశారు. కడసారివాడు నోరు మెదపలేదు. మర్నాడు పెద్దకోడలికి పనొచ్చింది, నడిపికోడలికి ఒంట్లో బాగాలేదు. చిన్నకోడలు రొజాఫా అన్నం మూట పట్టుకుని వచ్చింది. సంగతి విని, "నా పసివాడికి పాలివ్వడానికి ఒక రొమ్మూ, నిమరడానికి ఒక చెయ్యీ, ఊయల ఊపడానికి ఒక కాలూ గోడకి బయట వుంచండి" అని మాత్రం కోరి, గోడలో నిలబడిందట.

వింటూంటే నాకు మన అనంతపురం చెరువుకట్ట కళ్ళ ముందు కదిలింది. కట్ట తెగకుండా ఊరి కోసం నీళ్ళకి బలైన కోడలి కథని కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణం’ అని కావ్యం చేశారు కదా! ఎక్కడి ష్కోదర్, ఎక్కడి అనంతపురం! కోటకైనా చెరువుకైనా కోడలే దొరికింది కాబోలు లోకానికి.

"కథలో న్యాయమేముందమ్మా? మాట నిలుపుకున్నవాడే పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడు" అన్నాడు ప్లీడరు.

ఆవిడ, "న్యాయం లేదు, బెసా వుంది" అంది.

బెసా అంటే ఇచ్చిన మాట. నాకు ‘బాస’ అని వినిపించింది. ఈ రెండు మాటలకీ చుట్టరికం వుందని పండితులెవరూ అనలేదు, నేనూ అనను. చెవికి మాత్రం అక్కాచెల్లెళ్ళే. ఆ కొండల్లో వందల ఏళ్ళపాటు పోలీసూ కోర్టూ లేవు. ‘కానూన్’ అనే కట్టుబాటే చట్టం. దాన్ని జ్యెచోవి అనే క్రైస్తవ సన్యాసి ఊరూరా తిరిగి సేకరిస్తే, 1933లో పుస్తకంగా వచ్చింది. అందులో ఇల్లు ఇంటివాడిది కాదు, దేవుడిదీ, అతిథిదీ. గడప తొక్కినవాడు శత్రువైనా సరే, వాడికి ఆపద రాకుండా చూసే పూచీ ఇంటివాడిది. ఇది పుస్తకాల్లో మాటే కాదు. 1943లో జర్మనీ సేనలు ఆ దేశాన్ని ఆక్రమించుకున్నప్పుడు, తలదాచుకోవడానికి వచ్చిన యూదుల్ని రైతులు తమ ఇళ్ళల్లో పెట్టుకుని కాపాడారు. యుద్ధానికి ముందు అక్కడ వున్న యూదులు రెండు వందల మంది. యుద్ధం ముగిసేసరికి సుమారు రెండు వేలు. జర్మనీ ఆక్రమించుకున్న తక్కిన దేశాల్లో దాదాపు ఎక్కడ చూసినా ఈ లెక్క తలకిందులుగా వుంటుంది.

ఆ రాత్రి మేమూ ఉత్సాహం పట్టలేక ఒక బెసా చేసుకున్నాం. "అందరికంటే మెల్లగా నడిచేవాడి నడకే అందరి నడక. ఎవణ్ణీ వెనక వదలరాదు" అని చెయ్యి మీద చెయ్యి వేసుకున్నాం. అన్నిటికంటే పైన వున్న చెయ్యి నాది.

మర్నాడు తెల్లవారుజామున కోమన్ సరస్సు. 1980లలో ద్రిన్ నదికి అడ్డంగా ఆనకట్ట కడితే కొండల సందుల్లో నిలిచిన నీరు అది. పడవలో రెండున్నర గంటలు పోతే, రెండు వైపులా నిట్రంగా కొండలు. పాపికొండల మధ్య లాంచీలో పోతున్నట్టే వుంటుంది. అవతలి గట్టు నుంచి మళ్ళీ ఫుర్గోన్ ఎక్కి వాల్బోనా అనే కొండపల్లె చేరాం. చుట్టూ వున్న కొండలకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘శాపం తగిలిన కొండలు’. అక్కడినుంచి సుమారు 1,800 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి, అవతల తెత్ అనే పల్లెలో దిగాలి. కారు దారి లేదు. ఏడెనిమిది గంటల నడక. తెత్‌లో ఒక ఇంటికి ఫోను చేసి, నలుగురం వస్తున్నామని చెప్పి, పడకలు మాట్లాడుకున్నాం.

పొద్దున్నే బయల్దేరాం. మొదట తెల్లటి గులకరాళ్ళు పరుచుకున్న ఎండు ఏరు, తరవాత చెట్లు, తరవాత ఒకటే ఎక్కుడు. రాళ్ళ మీద ఎరుపూ తెలుపూ చారలే దారి గుర్తులు. మేష్టారు ప్రతి వంద అడుగులకీ ఆగి, "కొండ ఏటవాలు ఎంత వుంటుందంటావు?" అని లెక్క కట్టేవాడు. అది లెక్క కాదనీ, ఆయాసమనీ నాకు తెలుసు. అయినా నలుగురం కలిసే కనుమ చేరాం. అటు చూస్తే వాల్బోనా లోయ, ఇటు చూస్తే తెత్ లోయ. ఆ అందం రాయడానికి నాకు చేతకాదు.

ఎక్కేటప్పుడు పోయేది ఊపిరి. దిగేటప్పుడు పోయేవి మోకాళ్ళు. దిగడం మొదలెట్టిన గంటకి పడమట మబ్బు కమ్మింది. ప్లీడరూ, బ్యాంకాయనా, "వాన పడేలోపల చెట్లల్లోకి దిగిపోదాం" అంటూ ముందుకి సాగిపోయారు. నేనూ మేష్టారూ మిగిలాం. వాడు ఒక్కొక్క అడుగే కర్ర పోటేసుకుని దింపుతున్నాడు. నాకు ఆగి ఆగి కాళ్ళు పీకుతున్నాయి, వాన భయం, ఆకలి. నా మొహం చూసి వాడే అన్నాడు: "నువ్వు పోరా. దారి గుర్తులున్నాయిగా, నేను మెల్లగా వస్తాను."

"అలా ఎలారా?" అన్నాను.

"పోరా బాబూ! నువ్వు పక్కన నిలబడి నిట్టూరుస్తుంటే నాకు ఇంకా తొందరై కాలు జారేట్టుంది."

ఆ మాట కోసమే కాచుకున్నవాడిలా కదిలాను. వాడు పొమ్మన్నాడు కనక వచ్చాను – దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్న వాదన ఇదే. పాఠకులారా, పొమ్మన్నవాడు మర్యాదకి అన్నాడో, మనసారా అన్నాడో ముప్ఫై అయిదేళ్ళ స్నేహితుడికి తెలియదంటారా?

నాలుగింటికి తెత్ చేరాం. వాన దంచేసింది, వెలిసింది. అయిదయింది. ఆరయింది. మేష్టారు రాలేదు. ఫోను పలకలేదు. మేం దిగిన ఇంటి యజమాని డెబ్భై దాటిన ముసలాయన. తెల్లటి ఉన్ని టోపీ, ఎండిన కట్టెలాంటి మనిషి. మాకు భోజనం బల్ల మీద నాలుగు పళ్ళాలు పెట్టించాడు. ముగ్గుర్నీ లెక్కపెట్టాడు. నాలుగో వేలు ఎత్తి చూపించాడు – ఏడీ అని.

ఆయన మనవడికి ఇంగ్లీషు వచ్చు. "వెనక వస్తున్నాడు. మెల్లగా నడుస్తాడు. అతనే మమ్మల్ని పొమ్మన్నాడు" అని చెప్పాను. కుర్రాడు తాతకి చెప్పాడు. ముసలాయన కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. నాకేసి ఒక్క క్షణం చూసి, లేచి, గోడకున్న లాంతరూ కర్రా తీసుకుని, కంచరగాడిదకి జీను వెయ్యమని మనవడితో చెప్పాడు.

"తాతగారు ఎందుకు? చీకటి పడుతోంది, నేలంతా జారుడు" అన్నాడు బ్యాంకాయన.

కుర్రాడు తాత మాట మాకు చెప్పాడు: "ఫోనులో నలుగురికి సరేనన్నాను, నాలుగు మంచాలు వేశాను. నాలుగో మంచం మనిషి ఎక్కడున్నా ఈ రాత్రికి నా అతిథే."

మొహం చూడని మనిషికి, ఫోనులో అన్న ఒక్క ‘సరే’కి, ఆ ముసలాయన చీకట్లో కొండెక్కుతున్నాడు. ముప్ఫై అయిదేళ్ళు ఒకే కంచంలో తిన్నవాణ్ణి, వాడి ఇల్లాలికి మాటిచ్చినవాణ్ణి, నేను పొయ్యి దగ్గర కాళ్ళు కాచుకుంటున్నాను! లేచి, "నేనూ వస్తాను" అని సైగ చేశాను. ఆయన "పో" అన్నాడు.

అది వాళ్ళ భాషలో అవుననే. అయినా ఆ పూట ఆ మాట నాకు తెలుగులోనే వినిపించింది.

గంటకి పైగా ఎక్కాం. దారిలో మేం మధ్యాహ్నం చూసిన చెక్క కాఫీపాక ఒకటుంది. అందులో చిన్న దీపం. లోపల బెంచీ మీద మేష్టారు, మోకాలికి గుడ్డ కట్టుతో, ఒంటి మీద ఎవరిదో గొంగడితో, కొండాకు కషాయం తాగుతున్నాడు. కాలు జారి పడితే, పాక నడిపే ఆవిడ చూసి లోపలికి నడిపించుకొచ్చిందట. పాక కట్టేసి ఇంటికి పోయే వేళ దాటినా, ఇతని కోసం ఎవరైనా వచ్చేదాకా కదలనని కూచుందట. ఆవిడకి మన భాష రాదు, వీడికి ఆ భాష రాదు. కాగితం మీద చదరాలు గీసి ఇద్దరూ పులీ మేకా ఆడుకుంటున్నారు!

నన్ను చూడగానే వాడు, "వచ్చావూ? మూడాటల్లో రెండు ఈవిడే గెలిచింది" అన్నాడు. అంతే. ఎందుకు వదిలేశావని ఆ రాత్రీ అడగలేదు, ఇవాళ్టి దాకా అడగలేదు. వాణ్ణి కంచరగాడిద మీద ఎక్కించి దిగాం. కళ్ళెం ముసలాయన పట్టుకున్నాడు. మేష్టారి మూట మాత్రం నేను మోశాను. జీవితంలో అంత బరువు ఎన్నడూ మొయ్యలేదు.

మర్నాడు కంచరగాడిదకి బాడుగ ఇవ్వబోతే ముసలాయన తల పైకెత్తి "యో" అన్నాడు. పడకలకీ భోజనానికీ మాత్రం లెక్క ప్రకారం పుచ్చుకున్నాడు. వ్యాపారం వేరు, మాట వేరు!

ఇది చదివి అల్బేనియాలో అందరూ హరిశ్చంద్రులే అనుకోకండి. మాట కోసం ప్రాణమిచ్చే ఆ కట్టుబాటే, పగ కోసం ప్రాణం తియ్యమని కూడా చెప్పింది. పగ పట్టినవాళ్ళకి భయపడి మగవాళ్ళు దాక్కునే రాతి బురుజు ఒకటి తెత్‌లో ఇప్పటికీ వుంది. దాని కిటికీలు చెయ్యి పట్టేటంత. ఇక 1997లో, అధిక వడ్డీలిస్తామని మాటిచ్చిన కంపెనీలు వరసగా బోర్లాపడి, ఇళ్ళూ పశువులూ అమ్మి డబ్బు కట్టిన సంసారాలు వీధిన పడ్డాయి. ఆ అల్లర్లలో సుమారు రెండు వేల మంది చచ్చిపోయారు. ఆ సంగతి విన్నప్పుడు మా బ్యాంకాయన చాలాసేపు మాట్లాడలేదు. మాట మీద బతికే జనానికి మాట తప్పేవాడు తగిలితే దెబ్బ అంత లోతుగా పడుతుంది.

తిరిగి వచ్చే విమానంలో మేష్టారు, "మోకాలి సంగతి మా ఇంట్లో అనకు. అక్కడెక్కడో మెట్ల మీద తట్టుకున్నానని చెబుతాను" అన్నాడు. నేను తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో వాడికి తెలియదు.

ఆవిడ ప్రతివారం ఈ పేజీ చదువుతుంది. సీరియల్ కంటే ముందు ఇదే తిప్పుతానని నాతో చాలాసార్లు అంది. అందుకని ఇక్కడే చెబుతున్నాను.

అమ్మా! నీ భర్త తట్టుకున్నది మెట్ల మీద కాదు. నీకు మాటిచ్చిన నేను వాణ్ణి కొండ మీద వదిలేసి వచ్చాను. వాణ్ణి నీకు భద్రంగా ఒప్పజెప్పింది నేను కాదు. ఒక ముసలాయనా, ఒక పాక ఇల్లాలూను. ఆదివారం నాడు మేమిద్దరం మీ ఇంటికి వస్తున్నాం. తలుపు తీసి నువ్వు ‘పో’ అన్నా సరే, దాన్ని అల్బేనియా భాష అనుకుని లోపలికే వస్తాను.